ట్యాగు చదివితే సరిపోతుందా? దవాఖాన వైపు చూస్తున్న ఒక అధ్యాపకురాలికి సమాధానం

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. ఈసీఈలో ఎం.టెక్ చేసి, ఏడేళ్లుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. నా వయసు 32. మావారు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. మాకు మూడేళ్ల పాప. కిందటేడు మా నాన్నగారిని దవాఖానలో చేర్చినప్పుడు, ఆయనను ఎక్స్‌రే గదికి తీసుకెళ్లడానికి వీల్‌చైర్ దొరక్క గంటన్నర సేపు అంతస్తులన్నీ తిరిగాం. అప్పటి నుంచి, దవాఖానల్లో పరికరాలనూ రోగులనూ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులతో, అంటే రేడియో తరంగాలతో తమ నంబరు చెప్పే చిన్న బిళ్లలతో కనిపెట్టే విషయం మీద పీహెచ్‌డీ చేయాలనే ఆలోచన వదలడం లేదు. గైడుగా అనుకున్న ప్రొఫెసర్ గారేమో "ఆ తలనొప్పి నీకెందుకమ్మా, యాంటెన్నా డిజైన్ తీసుకో, సిమ్యులేషన్ మీద త్వరగా బయటపడతావు" అంటున్నారు. మా మేనమామ అసలు చదువే వద్దని, హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో చేరమని పోరుతున్నారు. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అనేది డాక్టర్లదా, కంప్యూటర్ వాళ్లదా, మాదా? అధ్యాపకురాలిగా అందులో నాకు బతుకుదెరువు ఉంటుందా? రెంటికీ చెడిన రేవడినవుతానేమోనని భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ వీల్‌చైర్ కోసం గంటన్నర తిరిగిన చోటే ఆగిపోయాను. నేను కూడా ఈసీఈలోనే చదువుకుని, అలాంటి వెతుకులాట ఒకటి చూసి ఈ దారి పట్టినవాణ్ణి. కాబట్టి మీ ప్రశ్నలకు వరుసగా కాకుండా, ఏది తేలితే మిగతావి తేలుతాయో అక్కడి నుంచి మొదలుపెడతాను.

హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఎవరిదని అడిగారు. రోగికి సంబంధించిన సమాచారం ఎక్కడ పుడుతుంది, దాన్ని చూసి డాక్టరో నర్సో ఒక నిర్ణయం తీసుకునే చోటికి ఎలా చేరుతుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది, ఎక్కడ వంకర తిరుగుతుంది అని పరిశీలించే శాస్త్రం అది. డాక్టర్లు, స్టాటిస్టిక్స్ వాళ్లు, కంప్యూటర్ వాళ్లు, మనలాంటి రేడియో వాళ్లు తలా ఒక గుమ్మం నుంచి అందులోకి వచ్చారు. ఒక ట్యాగు దాన్ని చదివే యంత్రానికి, అంటే రీడరుకు, కనిపించడం అనేది సమాచారం పుట్టే చోట్లలో ఒకటి. మన శాఖ వాళ్లు సాధారణంగా అక్కడే నిలబడిపోతారు. మీ వృత్తి నిలబడుతుందా లేదా అన్నది ఆ చోటు దాటి ఎంత దూరం నడుస్తారన్న దాని మీద ఉంటుంది.

రేడియో వైపు సంగతి మీకు తెలిసిందే. తిరిగి వచ్చే రేడియో శక్తితోనే కబురు పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ 1948లోనే రాశాడు. మీరు హైదరాబాద్ వెళ్తూ కోమళ్ల టోల్‌గేటు దాటేటప్పుడు కారు అద్దం మీది ఫాస్టాగ్ చేసే పని అదే: బ్యాటరీ లేకుండా, రీడరు పంపిన తరంగం నుంచే శక్తి తీసుకుని, తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. మన దేశంలో ఇందుకోసం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేకుండా వదిలారు. భవనం లోపల వైఫై సిగ్నల్ బలాన్ని బట్టి మనిషి జాడను రెండు మూడు మీటర్ల తేడాతో చెప్పవచ్చని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో బహల్, పద్మనాభన్ 2000లో చూపించారు. 2019లో వచ్చిన బ్లూటూత్ 5.1 సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తున్నదో కూడా చెప్పగలుగుతోంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే మరో రేడియో పద్ధతి ఉంది. ఈ వరుసలో చేరి, ఉన్న తేడాను మరో అర మీటరు తగ్గించి మీరు పేపరు రాయగలరు. మన దేశంలో ఏటా అలాంటి పేపర్లు బోలెడు వస్తున్నాయి. అయితే వార్డులో నిలబడి చూస్తే ఆ అర మీటరుకు అర్థం మారిపోతుంది. ఒకే గదిలో నాలుగు మీటర్లు తప్పినా సిస్టర్‌కు వస్తువు కంటికి కనిపిస్తుంది, ఒక్క మీటరే తప్పినా అది గోడకు అవతలి వైపు పడిందంటే పక్క వార్డు అంతా వెతకాలి. గోడ ఎక్కడుందో తెలియని లెక్క ఎంత గొప్పదైనా అక్కడ దండగే.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట. ఒక పెద్ద దవాఖానలో సిరంజి పంపులు, అంటే రోగికి మందును కొలతగా ఎక్కించే యంత్రాలు, తరచూ కనిపించకుండా పోతున్నాయని, ట్యాగులు వేసి కనిపెట్టమని మా బృందాన్ని పిలిచారు. ఆ దవాఖాన పేరు ఇక్కడ అనవసరం. మొదటి వారం ఒక్క ట్యాగు కూడా సరిగా చదవలేదు. మన పట్టీలో తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. మామూలు ట్యాగును లోహపు చట్రానికి ఆనించి అతికిస్తే దాని యాంటెన్నా పనిచేయడం మానేస్తుందని పాఠం చెప్పే నాకే అక్కడ తట్టలేదు. లోహం మీద అతికించే ప్రత్యేకమైన ట్యాగులు అప్పట్లో మా బడ్జెట్‌కు అందేవి కావు. చివరికి మా ల్యాబ్ అటెండరు తన పాత హవాయి చెప్పును బ్లేడుతో ముక్కలు కోసి, ట్యాగుకూ పంపుకూ మధ్య అతికించాడు. చదవడం మొదలుపెట్టాయి. పక్కన సెలైన్ సీసాలు వేలాడుతున్నప్పుడు మాత్రం మళ్లీ తడబడేవి, ఎందుకంటే నీరు ఆ తరంగాలను మింగేస్తుంది. మనిషి ఒళ్లు కూడా ఎక్కువ భాగం నీరే కనుక, రోగి చేతి పట్టీ మీది ట్యాగు ఆయన ఒత్తిగిలి పడుకుంటే మాయమయ్యేది.

ఇదంతా ఇంజినీరింగ్. అసలు కథ మూడో వారంలో మొదలైంది. రోజూ సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో నాలుగు పంపులు వార్డు నుంచి మాయమై, తెల్లవారి మళ్లీ ప్రత్యక్షమయ్యేవి. మా సాఫ్ట్‌వేర్ వాటిని "పోయినవి" అని ఎర్రరంగులో చూపించేది. ఎవరో దొంగిలించి తెల్లారేసరికి తెచ్చి పెడుతున్నారా అని నవ్వుకుని, ఒకరాత్రి నేనే వెళ్లి డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను అడిగాను. ఆమె ఏమీ దాచకుండా ఇనప బీరువా తెరిచింది. దుప్పట్లో చుట్టి నాలుగు పంపులు. "రాత్రి రెండింటికి పేషెంటుకు పంపు కావాలంటే స్టోరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది సార్?" అని అడిగింది. నాకు జవాబు లేదు. పంపులు తక్కువై కనిపించకుండా పోవడం లేదు. రాత్రిపూట స్టోరు మూసి ఉంటుందన్న భయంతో ప్రతి వార్డూ నాలుగైదు దాచుకుంటున్నది, ప్రతి వార్డూ దాచుకోవడం వల్ల అవి తక్కువవుతున్నాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ టేబులు దగ్గర రెండో తాళంచెవి, దాని పక్కన సంతకాల రిజిస్టరు పెట్టించాక బీరువాలు ఖాళీ కావడం మొదలైంది. మా ట్యాగులు కనిపెట్టింది పంపు జాడ. దాని వెనక ఉన్న తాళంచెవిని మాత్రం ఆ సిస్టరే కనిపెట్టింది. ఆమెను అడగకుండా ఇంకో ఆరు రీడర్లు బిగించి ఉంటే, ఆ దవాఖాన డబ్బు మరింత ఖర్చయ్యేది తప్ప పంపులు బీరువాలోనే ఉండేవి.

ఈ పనిని మొదట ఒక వైర్‌లెస్ జర్నల్‌కు పంపాను. "ఇందులో కొత్త అల్గారిథమ్ ఏది?" అని ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. అదే పనిని, ట్యాగులు వేయకముందు ఎంత సేపు వెతికేవారు, తర్వాత ఎంత సేపు, తాళంచెవి పెట్టాక ఎంత సేపు అనే లెక్క చుట్టూ తిరగరాసి వైద్య సమాచార శాస్త్రం వైపు జర్నల్‌కు పంపితే, వాళ్లు ఇంకా వివరాలు అడిగి మరీ తీసుకున్నారు. మీ భయానికి నా సమాధానం ఇందులోనే ఉంది. రెండు శాఖల పాఠకులకూ ఒకే పేపరు రాయబోతే ఇద్దరికీ నచ్చదు. ఒకే పనిలోంచి రెండు ప్రశ్నలు వేరు చేసి, దేని పాఠకులకు దాన్ని వేరుగా రాయడం నేర్చుకుంటే రేవడి పరిస్థితి రాదు. అది నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఇలా రెండు వైపులా నిలబడి అడిగిన ప్రశ్నకు ఎంత విలువ ఉంటుందో చూపే పని ఒకటి 2008లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. నెదర్లాండ్స్ పరిశోధకులు రోగులు లేని గదిలో, అత్యవసర చికిత్సలో వాడే 41 పరికరాల పక్కన ఆర్‌ఎఫ్‌ఐడీ పెట్టి 123 పరీక్షలు చేశారు. 34 సార్లు పరికరం పనికి అంతరాయం కలిగింది. అందులో 22 రోగికి ప్రమాదం తెచ్చిపెట్టగలవని తేల్చారు. 125 కిలోహెర్ట్జ్ పరికరంతో పోలిస్తే 868 మెగాహెర్ట్జ్ రీడరుతోనే ఎక్కువ ఇబ్బంది వచ్చింది. మన 865 మెగాహెర్ట్జ్ పట్టీకి అది పక్కిల్లు. అందులో కొత్త అల్గారిథమ్ ఏదీ లేదు. రీడరు పక్కన వెంటిలేటరు ఏం చేస్తుందని ఎవరో ఒకరు అడిగారు, ఓపికగా కొలిచారు, అంతే. వార్డులో రీడరు పెట్టబోయే ప్రతివారూ ఈ రోజుకూ చదవాల్సిన పేపరు అది. అలాంటి కొలతలు మన దవాఖానల్లో ఉన్న పరికరాల పక్కన, మన రీడర్లతో, మీవంటి వారు చేస్తే పనికొస్తాయి.

ఇక మీ గైడు గారి మాట. ఆయన్ను తప్పుపట్టకండి. యాంటెన్నా తెలియని వాళ్లు ట్యాగులు పట్టుకుని వార్డుకు వెళ్తే నా మొదటి వారం లాగే ఉంటుంది. పైగా ఆయన చెప్పని కారణం ఒకటి ఉంది, అది నిజంగా ముఖ్యమైనది. మన దగ్గర అధ్యాపక నియామకాలైనా పదోన్నతులైనా శాఖ పేరు మీద జరుగుతాయి. మీ పీహెచ్‌డీ పట్టా మీద ఏ శాఖ పేరుంటే ఆ తలుపే తెరుచుకుంటుంది. అందువల్ల పీహెచ్‌డీ ఈసీఈలోనే నమోదు చేయించుకోండి, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌ను పరిశోధనాంశంలోకి తెచ్చుకోండి. ఆయన ఒప్పుకునేలా విషయాన్ని ఇలా పెట్టి చూడండి: లోహం, నీరు నిండిన వార్డులో పనిచేసే ట్యాగు యాంటెన్నా మొదటి భాగం. అది సిమ్యులేషన్‌లో మొదలై కొలతల దాకా వెళ్తుంది, ఆయనకు పరిచయమైన నేల. ఆ ట్యాగులతో ఒక వార్డులో పరికరాల వెతుకులాట ఎలా మారిందన్నది రెండో భాగం. దానికి వైద్య కళాశాల నుంచి ఒక కో-గైడు కావాలి. కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లయినా, అనస్థీషియా వాళ్లయినా సరే. వారానికి ఒక గంట మీతో కూర్చునే ఓపిక ఉన్నవారై ఉండాలి, హోదా తర్వాతి మాట.

ఈ విషయంలో వరంగల్‌లో ఉండడం మీ అదృష్టం. ఇప్పటి ఎన్‌ఐటీ 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైంది, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. ఎంజీఎం దవాఖానకు ఆదిలాబాద్ నుంచి, ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి రోగులు వస్తారు. ఇంజినీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ, పెద్ద దవాఖాన ఇవన్నీ ఆటోలో తిరిగి రాగలిగిన దూరంలో ఉన్న ఊర్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల సంగతి, భూగర్భ గనుల్లో మనుషుల జాడ కనిపెట్టే సంగతి కూడా మీ కళ్లముందే ఉన్నాయి. రెండోదాని గురించి మీ ఇంట్లోనే అడగవచ్చు. కానీ పీహెచ్‌డీలో మూడూ పెట్టుకోవద్దు. ఒక వార్డు చాలు.

ఏం నేర్చుకోవాలో కూడా చెబుతాను. రేడియో మీకు వచ్చు. రానిది, ట్యాగు నంబరు దవాఖాన రికార్డులోకి ఎక్కే పద్ధతి. దవాఖానల కంప్యూటర్లు రోగి సమాచారాన్ని ఒకే తీరులో ఇచ్చిపుచ్చుకోవడానికి ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణం ఉంది, "ఫైర్" అని పలుకుతారు. అందులో పరికరానికి, స్థలానికి, రోగి దవాఖానకు వచ్చిన ఒక్కో సందర్భానికి విడివిడి రూపాలుంటాయి. "ఈ పంపు ఫలానా గదిలో ఉంది" అన్న మీ రీడింగును ఆ మూడింటిలో ఎక్కడ, ఎలా రాస్తారో ఒక నెల కూర్చుని చేసి చూడండి. వ్యాధులకూ పరీక్షలకూ వాడే స్నోమెడ్ సీటీ, ఐసీడీ, లాయింక్ వంటి సంకేతాల పరిచయం చాలు, వాటిలో మునగనక్కర్లేదు. పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌లో ఉన్న జాతీయ కేంద్రం స్నోమెడ్‌ను మన దేశంలో ఉచితంగా అందిస్తోంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా ఈ ఫైర్ ప్రమాణం మీదే నడుస్తోంది. మీ ఇంట్లో ఎవరికైనా 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య ఖాతా నంబరు, ఉంటే, ఆ నంబరు వెనక ఉన్న ఏర్పాటు అదే. రేడియోతో పాటు ఇదీ తెలిసిన ఈసీఈ అధ్యాపకులు తక్కువ. ఆ తక్కువే మీకు రేపటి చోటు.

నైతిక అనుమతుల విషయం చిన్నదిగా తీసుకోకండి. రోగుల మీద ట్యాగు వేయాలంటే దవాఖాన ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుని చదవండి, 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా. అందుకే పరికరాలతో మొదలుపెట్టమంటున్నాను. వీల్‌చైర్‌కు సొంత రహస్యాలు లేవు. అయినా ఒక మెలిక ఉంది. వీల్‌చైర్ ఎక్కడికి పోతుందో చూస్తే దాన్ని తోసే వార్డు బాయ్ ఎక్కడ ఆగాడో కూడా తెలిసిపోతుంది. మా పంపుల పని మధ్యలో ఒక అధికారి "రాత్రి డ్యూటీలో ఎవరు నిద్రపోతున్నారో కూడా దీంతో చెప్పగలరా?" అని అడిగారు. చెప్పలేమని అబద్ధమాడాను, ఆ రాత్రే కంప్యూటర్‌లో నమోదైన లాగ్ ఫైళ్లలోంచి మనుషులను గుర్తుపట్టగల వరుసలన్నీ తీసేయించాను. ఆ అబద్ధం గురించి నాకు ఈ రోజుకూ చింత లేదు. మీరు నాకంటే తెలివిగా చేయండి: ఏ సమాచారం దాచుతారు, ఎన్నాళ్లు దాచుతారు, ఎవరికి ఇవ్వరు అన్నది మొదటి రోజే కాగితం మీద రాసి, సిస్టర్లకు చదివి వినిపించి, ఆ తర్వాతే ట్యాగు అతికించండి.

డబ్బు, కాలం. ఇక్కడ మీ మేనమామ గారి మాటకు బలం ఉంది, ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ జీతంతో ఈ దారి పోటీ పడదు. పూర్తికాలం పీహెచ్‌డీకి ఫెలోషిప్ దొరికితే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. పార్ట్‌టైమ్ అయితే ఫెలోషిప్ ఉండదు, మీ కాలేజీ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అని ఉంది, మహిళలకు అదనపు సడలింపు ఉంది. మూడేళ్ల పాపతో, వారంలో సగం రోజులు ఇంట్లో లేని భర్తతో మీకు పార్ట్‌టైమే కుదురుతుందనిపిస్తుంది, కానీ నా అభిప్రాయం వేరు. పొద్దున కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పి, సాయంత్రం వార్డుకు వెళ్లి, రాత్రి పేపరు రాసే వాళ్లను నేను చూశాను. వాళ్లలో చాలామంది రెండో భాగం దగ్గర, అంటే వార్డు దగ్గరే ఆగిపోయి, సిమ్యులేషన్‌తోనే పట్టా తెచ్చుకున్నారు. రెండేళ్లయినా పూర్తికాలం తీసుకునే వీలుందేమో మీ వారితో కూర్చుని లెక్క వేసుకోండి. ఆ లెక్క కుదరకపోతే, ఇష్టం లేని పీహెచ్‌డీ కంటే మీ మేనమామ గారు చెప్పిన ఉద్యోగమే మేలు. దవాఖానల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో చేరితే ఈ విషయానికి దూరం కూడా కారు.

డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఏడేళ్ల అనుభవంలో వాటి ఉత్తరాలు మీకు ఇప్పటికే వచ్చి ఉంటాయి.

ఇప్పుడు ఈ నెలలో చేయదగిన పని ఒకటి. ట్యాగులూ రీడర్లూ కొనకండి. తెలిసినవారి ద్వారా ఒక వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడి, అనుమతి తీసుకుని, రాత్రి డ్యూటీ మారే వేళ అరగంట ముందు వెళ్లి ఒక మూల నిలబడండి. పొద్దున పదకొండింటికి వెళ్తే రౌండ్ల హడావుడి తప్ప ఏమీ కనిపించదు. చేతిలో రెండు రూపాయల పెన్ను, ఒక నోటుబుక్కు చాలు. ఎవరు దేనికోసం వెతికారు, ఎన్ని నిమిషాలు, చివరికి ఎక్కడ దొరికింది, పేర్లు రాయకుండా ఇవి మాత్రం రాసుకోండి. అలా పది రాత్రులు. ఇంటికి వచ్చే సరికి ఆలస్యమవుతుంది కనుక పాపను ఎవరి దగ్గర ఉంచుతారో ముందే చూసుకోండి. ఆ నోటుబుక్కు తీసుకుని మీ గైడు గారి దగ్గరకు మళ్లీ వెళ్లండి. యాంటెన్నా గురించి ఆయన అడిగే ప్రశ్నలు అప్పుడు వేరుగా ఉంటాయి. నాకు కూడా ఒక ప్రతి పంపితే, వీల్‌చైర్లు ఎక్కడ దాక్కుంటున్నాయో చూడాలని ఉంది.